గోపురం పెరిగిన ఫొటోలు

రిటైరైనవాళ్ళని సభలకు పిలిచి ధైర్యం గురించి నాలుగు మాటలు చెప్పమంటారు. నన్నింతవరకు ఎవరూ పిలవలేదు గానీ, పిలిస్తే నేను చెప్పగలిగేది భయం గురించే. నాకు నీళ్ళంటే భయం. కోనసీమలో పుట్టి, చుట్టూ పాయలూ కాలవలూ పెట్టుకుని, గోదావరి గట్లు చూసే శాఖలో జీతం తీసుకుంటూ నీళ్ళంటే భయమేమిటని మా ఆఫీసులో అందరూ ఏడిపించేవాళ్ళు. ఏరు దాటించే పంటు ఎక్కితే నడిమధ్యన నిలబడి, కడ్డీ పట్టుకుని, అవతలి రేవు వచ్చేదాకా కళ్ళు మూసుకునేదాన్ని. "మేడంగారు దణ్ణం పెట్టుకుంటన్నారు, ఎవరూ మాట్టాడకండి" అని మా డ్రైవరు అందరికీ వినపడేలా అనేవాడు. నవ్వినవాళ్ళు నవ్వేవాళ్ళు. నేను నిజంగానే దణ్ణం పెట్టుకునేదాన్ని.

మెళ్ళో కెమెరా వేసుకుని కొత్తగా ఇలాంటి ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. భయం గొప్పదని నేననను. అది పట్టుకుంటే అన్నం సయించదు. అయినా ఒక ఏడాది ఆఫీసంతటికీ తోచని సంగతి నాకు తోచిందంటే దాని పుణ్యమే.

మా నాన్నగారు సర్వీసులో ఉండగానే పోతే ఆయన ఉద్యోగం నాకిచ్చారు. లాకులూ, తూములూ, ఏటిగట్లూ ఫొటోలు తీసి, కడిగి, దాచడం మా సెక్షను పని. నేను చాలా ఏళ్ళు చీకటి గదిలోనే ఉన్నాను. బయట తిరిగి ఫొటోలు తీసేది మా సీనియరుగారు. నెమ్మదైన మనిషి, నాకు పని నేర్పింది ఆయనే. చీకటి గది మూసేసి, డిజిటల్ కెమెరాలు వచ్చి, ఆయన రిటైరై వెళ్ళిపోయాక సెక్షనులో నేనొక్కదాన్నే మిగిలాను. సర్వీసు చివర్లో, నీళ్ళంటే వణికే మనిషికి, ఒడ్డుల వెంట తిరిగే పని పడింది.

ఆ పనిలో ఒక పాత ఆచారం ఉండేది. దొరల కాలంలో కొన్ని చోట్ల ఏటి ఒడ్డున మూరెడు రాయి పాతి, దాని మీద బాణం గుర్తు చెక్కించారు. కొన్నేళ్ళకోసారి ఆ రాయి పక్కనే నిలబడి, అవతలి ఒడ్డున ఉన్న ఏ మండపాన్నో గుడినో ఫొటో తీసేవారు. మళ్ళీ కొన్నేళ్ళకి అదే చోటు, అదే ఫొటో. ఏరు ఎటు కదులుతోందో కనిపెట్టడానికి అలా తీసేవారట. తీయడం మా దాకా వచ్చింది గానీ, ఎందుకు తీయాలన్నది మధ్యలో ఎక్కడో జారిపోయింది. మా రోజులకి పాత ఫొటోకీ కొత్త ఫొటోకీ పోలిక కుదరడమే పని. పై ఆఫీసరు రెండూ పక్కపక్కన పెట్టి "సేమ్ టు సేమ్" అంటే మేము ధన్యులం.

కొత్త జిల్లా వచ్చాక అమలాపురంలో ఒక ప్రదర్శన పెడదామన్నారు. పాత కట్టడాలు అప్పుడెలా ఉన్నాయి, ఇప్పుడెలా ఉన్నాయి, గోడ నిండా జంట ఫొటోలు. నాకొచ్చినవాటిలో ఒకటి గోదావరి వశిష్ఠ పాయ అవతలి ఒడ్డున ఉన్న రేవు మండపం. ఏనాటి జమీందారో కట్టించిన రాతి మండపం, దాని వెనక ఊళ్ళో శివాలయం గోపురం. పాత ఫొటోలో ఆ గోపురం మండపం కప్పు మీంచి బొటనవేలంత మాత్రం తొంగి చూస్తుంది. ఆ ఫొటో తీసిన చోటు ఇవతలి ఒడ్డున, రాజోలు వైపు, ఏటిగట్టుకి లోపల గోదావరి పక్కనే ఉన్న ఒక చిన్న పల్లె.

ఎండాకాలం వెళ్ళాను. రాయి ఎక్కడుందని అడిగితే ఎవరికీ తెలియలేదు. బాణం గుర్తున్న రాయి అని చెప్పాక ఒకాయన చెప్పులు వదిలి, "అమ్మవారాండి?" అన్నాడు. మా శాఖ రాయి అమ్మవారైపోయింది. నిలువెల్లా పసుపు, సరిగ్గా బాణం గుర్తు మీద రూపాయంత బొట్టు, ముందర నిమ్మకాయలు. గోదావరి ఎంత వచ్చినా అమ్మవారిని దాటి ఎప్పుడూ రాలేదని, అందుకే ఈ పల్లెకి గట్టు అవతలి ఊళ్ళకున్న భయం లేదని ఆయన గర్వంగా చెప్పాడు. నేను కూడా లెంపలేసుకుని, రాయి పక్కన కెమెరా స్టాండు నిలబెట్టాను.

ఆ రాయికి పూజ చేసే ఇల్లొకటి ఉంది. ఆ ఇంటి పెద్దావిడని పల్లెంతా మామ్మగారనే అంటారు. బక్కపల్చటి మనిషి, నడుం కొంచెం వంగింది, చేతులు మాత్రం మగవాడి చేతుల్లా ఉంటాయి. ఆవిడ కోడలు నాకు బొండం కొట్టించి తెచ్చింది. చలాకీ పిల్ల. రాయికి పది అడుగుల దూరంలో కొత్త డాబా ఇల్లు చూపించి మురిసిపోయింది. భర్త కువైట్‌లో డ్రైవరుగా ఏళ్ళ తరబడి ఉండి పంపిస్తే తను దగ్గరుండి కట్టించుకున్న ఇల్లు. గుమ్మాలకి రంగు ఇంకా పచ్చిగా ఉంది. ఏటికింత దగ్గరగా కట్టారేమమ్మా అని అడిగాను, నా భయం నాది కనక. "అమ్మవారి పక్కనుంటే భయమేంటండి?" అంది.

మామ్మగారు ఆ మాటకి నవ్వలేదు. "గట్టవతల కట్టుకోమని చెప్పేనమ్మా. ఇన్లేదు" అని చీపురు తీసుకుని అమ్మవారి చుట్టూ ఊడవడం మొదలుపెట్టింది. ఎందుకు గట్టవతల కట్టుకోమన్నారని అడిగితే వినపడనట్టే నిమ్మకాయలు సర్దింది. రాయి ఎప్పటినుంచి ఇక్కడుందని అడిగాను. "ఎప్పుడూ ఇక్కడే" అంది నా వైపు చూడకుండా.

ఫొటో తీయడం మా సీనియరుగారు నేర్పినట్టే తీశాను. రాయి పక్కన నిలబడితే మండపం చిన్నగా కనిపించింది. జూమ్ తిప్పుతూ మండపాన్ని దగ్గరికి లాగి, స్తంభాలు పాత ఫొటోలోని స్తంభాల మీద కూర్చునేదాకా సరిచేశాను. కుదిరింది. ఒక్క గోపురమే కుదరలేదు, మండపం మీంచి చాలా పైకి లేచి ఉంది. దాని గురించి కూడా ఆయన ముందే చెప్పి ఉన్నారు. గుడి బాగుచేయించి గోపురం పెంచేరమ్మా, అది మన తప్పు కాదు, అని.

ఆఫీసులో ప్రదర్శన కోసం ఆ రాయి దగ్గర తీసిన ఫొటోలన్నీ బల్ల మీద వరసగా పేర్చాను. మొట్టమొదటిది దొరల నాటిది, తర్వాత మా వాళ్ళు అప్పుడప్పుడూ తీసినవి, చివర నాది. అన్నిటిలోనూ మండపం ఒక్కటే సైజు. గోపురం మాత్రం ఒక్కో ఫొటోకీ ఇంత ఇంత పెరుగుతూ వచ్చింది. మా పెద్ద ఇంజినీరు ఈఈగారు చూసి, "దేవుడు ఎదుగుతున్నాడు మేడం, జిల్లాకి శుభం" అన్నారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఎన్నిసార్లు పెంచి ఉంటారో పాపం అనుకున్నాను.

కొద్దిరోజులకి వేరే ఫొటో పని మీద అవతలి ఒడ్డుకి వెళ్ళి, గుళ్ళో దణ్ణం పెట్టుకుని, అర్చకులుగారిని మాటవరసకి అడిగాను, గోపురం ఎప్పుడెప్పుడు పెంచారండీ అని. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "పెంచడమేంటమ్మా? రంగులేసేరు, అంతే. మా తాతగారి నాటి నుంచీ అదే ఎత్తు" అన్నారు.

అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. మీకు అర్థం కావాలంటే మీ ఇంట్లో ఒక చెంబు, దాని వెనక కొంత దూరంలో ఒక బిందె పెట్టి చూడండి. చెంబుకి బాగా దగ్గరగా వంగి చూస్తే బిందె దాని చాటుకి పోతుంది. మీరు వెనక్కి జరిగే కొద్దీ బిందె చెంబు మీంచి లేస్తుంది. మండపం చెంబు, గోపురం బిందె. గోపురం పెరగలేదు, ఫొటో తీసేవాళ్ళమే ప్రతిసారీ వెనక్కి జరుగుతున్నాం. దూరం పెరిగి మండపం చిన్నదైతే, జూమ్ తిప్పి దగ్గరికి లాక్కుని, సేమ్ టు సేమ్ అని సంబరపడుతున్నాం. అయితే ప్రతిసారీ అందరమూ ఆ రాయి పక్కనే నిలబడ్డాం. జరుగుతోంది రాయి.

రాయి ఊరికే జరగదు. ముందర నేల లేకపోతేనే ఎవరైనా జరుపుతారు. పల్లె గుర్తొచ్చింది, అమ్మవారిని దాటి గోదావరి రాదని చెప్పిన ఆయన గుర్తొచ్చాడు, పచ్చి రంగు గుమ్మాలు గుర్తొచ్చాయి. ఒళ్ళంతా చెమట పట్టింది. అర్చకులుగారు తీర్థం తెచ్చేలోపే లేచి రేవుకి నడిచాను.

మర్నాడే మళ్ళీ పల్లెకి వెళ్ళాను. ఈసారి జూమ్ ముట్టుకోలేదు. పాత ఫొటో ఒక చేత్తో పట్టుకుని, గోపురం మండపం చాటుకి దిగేదాకా ముందుకి నడుద్దామని రాయి దగ్గర బయల్దేరాను. నాలుగు కొబ్బరిచెట్లు దాటేసరికి ఒడ్డు వచ్చేసింది. గోపురం ఇంకా పైనే ఉంది. ఆ ఫొటో తీసిన చోటు ఇంకా ముందుంది, ముందరేమో గోదావరి.

నాటు పడవ మాట్లాడుకున్నాను. ఎక్కేటప్పుడు పడవాయన చెయ్యి పట్టుకుంటే, దిగేదాకా వదల్లేదు. పాపం ఆయన ఒంటిచేత్తోనే గెడ వేశాడు. అవతలికి పోతూ పోతూ, గోపురం కొంచెం కొంచెం కిందికి దిగింది. చాలా దూరం వెళ్ళాక బొటనవేలంత మిగిలింది. "ఇక్కడ ఆపండి" అని, ఖాళీగా ఉన్న చేత్తో ఒక ఫొటో తీశాను. "ఇక్కడేముందండి మేడంగారు, నీళ్ళేగా" అన్నాడాయన. గెడ నిలువునా దింపాడు. అడుగు అందలేదు.

ఆ పాత ఫొటోలో ఒక మూల ఎండుగడ్డి పరకలు కనిపిస్తాయి. ఎవరో దొర గడ్డిలో నిలబడి తీసిన చోటు అది. ఇప్పుడు గెడ అందని లోతు. చచ్చేటంత భయమేసింది. వెనక్కి తిరిగి పల్లె వైపు చూశాక అంతకు ముందుది భయమే కాదనిపించింది. ఒడ్డు కింద గోదావరి లోపలికి తొలిచేసింది. పైన మట్టి చూరులా ముందుకి వేలాడుతోంది, కొబ్బరివేళ్ళు గాల్లో ఊగుతున్నాయి. ఆ చూరు మీద కాస్త లోపలికి పసుపు రాయి, దాని పక్కన డాబా ఇల్లు, డాబా మీద ఆరేసిన పిల్లల బట్టలు. పైన నడిచేవాళ్ళకి కింద ఏమీ లేదన్న సంగతి తెలియదు.

ఒడ్డుకి రాగానే మామ్మగారి దగ్గరికి వెళ్ళి ఫొటోల వరస చూపించాను. అమ్మవారు కదిలారా మామ్మగారూ అని అడిగాను. "అమ్మవారెందుకు కదులుతారమ్మా" అంది. ఫొటోలు నా చేతిలో పెట్టేసి మళ్ళీ చీపురు తీసుకుంది. 

మా ఇంజినీరు ఏఈగారికి చెప్పాను. కుర్రవాడు, చేరి ఎంతో కాలం కాలేదు. మొదట లెన్సు తేడా అయ్యుంటుందన్నాడు. నేను వదలకపోతే పడవెక్కి చూసొచ్చాడు, ఆ సాయంత్రం ఆయన అన్నం తినలేదని వాళ్ళావిడ నాకు ఫోన్ చేసింది. ఒడ్డు కోసుకుపోకుండా బండరాళ్ళు పేర్పించాలని పైకి రాశాడు, పల్లెకొచ్చి అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. పల్లెవాళ్ళు టీ ఇచ్చి, ఆయ్ ఆయ్ అని మర్యాదగా విని పంపేశారు. బండరాళ్ళు వచ్చేలోపు గోదావరి వచ్చింది.

ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. పల్లెవాళ్ళు మూటలు కట్టి డాబాల మీద పెట్టుకుని చూశారు. నీళ్ళు కొబ్బరి మొదళ్ళ దాకా వచ్చి, పక్క పల్లంలోంచి వాకిళ్ళలోకి తిరిగి ఒండ్రు పరిచి, మెరక మీదున్న అమ్మవారి ముందర మాత్రం నిలిచిపోయాయి. దాటలేదు. మరి రెండు రోజులకి ఏఈగారు ఫోన్ చేశాడు. "నీరు తీస్తోందండి" అన్నాడు. గొంతులో సంతోషం లేదు. నాకూ లేదు.

మా శాఖలో అటెండరుకి కూడా తెలిసిన సంగతి ఇది. ఏరు నిండుగా ఉన్నంతసేపు ఆ నీళ్ళే ఒడ్డుని అరచేత్తో ఆపినట్టు ఆపుతాయి. నీరు తీసేటప్పుడు నానిన మట్టి బరువంతా ఒక్కసారిగా కిందికి వేలాడుతుంది. కూలితే అప్పుడే కూలుతుంది. ఫొటోగ్రాఫరుకి అక్కడ పని లేదు, నన్నెవరూ రమ్మనలేదు. ఇంట్లో ఉంటే పొయ్యి మీద పాలు పొంగుతున్నా అలాగే చూస్తూ నిలబడ్డాను. దానికన్నా వెళ్ళడమే నయమని ఏఈగారి జీపెక్కాను.

పల్లె పండగలా ఉంది. ఆడవాళ్ళు చీరలు ఎగ్గట్టి ఒండ్రు ఎత్తిపోస్తున్నారు. పిల్లలు బురదలో జారుతున్నారు. ఏఈగారు ఒక్కో ఇంటి ముందూ నిలబడి బతిమాలాడు, తర్వాత కోప్పడ్డాడు, తర్వాత చేతులు జోడించాడు. ఒకావిడ నవ్వి, "వచ్చేటప్పుడు భయపడాలి గానీ పోయేటప్పుడు భయమేంటండి బాబూ" అంది. మామ్మగారి కోడలు తన అరుగు కడుగుతోంది. మధ్యాహ్నం లోపు ఇల్లు శుభ్రం చేసి కువైట్‌కి వీడియో చూపించాలని, మళ్ళీ రమ్మని చెప్పింది నాకు.

నేను ఆ ఇంటి వెనక్కి వెళ్ళాను. నేల మీద నల్లటి గీత ఒకటి కనిపించింది. చీమల బారేమో అనుకుని వంగి చూశాను. పగులు. వేలు పెడితే పడుతుంది. పెరట్లోంచి అటు రెండిళ్ళు, ఇటు రెండిళ్ళు దాటి పోయింది. డాబా ఇల్లూ, అమ్మవారూ, కొబ్బరిచెట్లూ, అరుగు కడుగుతున్న పిల్లా, నేనూ అందరం దానికి ఏటి వైపునే ఉన్నాం.  ఒక్క అంగ వేసి అవతలికి పోతే చాలు, ఆ అంగ పడదు.  మామ్మగారే నన్ను చూసి వచ్చింది. నా చూపు పట్టుకుని నేల వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"మూడుసార్లు నేను మోసేనమ్మా" అంది. "అంతకు ముందు మా అత్తగారు."

గొంతు తగ్గించి, నా చెయ్యి పట్టుకుని పగులు దాటిస్తూ చెప్పింది. వరద తీశాక, మిట్టమధ్యాహ్నం అందరూ భోజనాలు చేసి పడుకున్నప్పుడు, ఆ ఇంటి పెద్దకోడలు ఒక్కతే అమ్మవారిని తవ్వి తీసి వెనక్కి తెచ్చి నాటాలి. పాత గొయ్యి పూడ్చి, కొత్తచోట పేడతో అలికి, ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు పసుపు రాయాలి. ఎవరికీ చెప్పకూడదు, మొగుడికి కూడా. మోయలేని వయసొచ్చినప్పుడు తన కోడలికి మాత్రం చెప్పాలి. "మన భయం మన కడుపులోనే ఉంటే పల్లె నిద్రపోద్దనేదమ్మా మా అత్తగారు" అంది. మరి మీరు నిద్రపోయేవారా అని అడిగాను. లేదన్నట్టు తల ఊపింది. కొడుకు డబ్బు పంపి ఇల్లు కట్టిస్తుంటే మూడు పూటలు అన్నం మానేసిందట. ఎందుకు మానేసిందో ఫోన్లో వాడికి చెప్పలేక, మళ్ళీ తినేసిందట.

ఆవిడ అమ్మవారి దగ్గరికి వెళ్ళి, గునపంతో చుట్టూ మట్టి వదులు చేసి, రెండు చేతులూ వేసి ఎత్తబోయింది. రాయి లేవలేదు. మళ్ళీ ప్రయత్నించింది. మోకాళ్ళ మీద కూలబడి, "అమ్మాయ్" అని కోడలిని పిలిచింది.

కోడలు చీపురుతోనే వచ్చి, పెళ్ళగించిన రాయిని చూసి బిత్తరపోయింది. "అత్తయ్యా, అమ్మవార్ని కదుపుతారా?" అంది. మామ్మగారు ఆ పిల్లని దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది. ఏం చెప్పిందో నాకు తెలుసు, వినపడక్కర్లేదు. ఆ పిల్ల ముఖంలో రంగు మారడం చూశాను. అత్తగారిని చూసింది, రాయిని చూసింది, తర్వాత ఇంటి వైపు తిరిగింది.

"మరి నా ఇల్లు?" అంది.

"ఇల్లు పోద్దే" అంది మామ్మగారు. "నువ్వు లే."

ఆ పిల్ల ఏడవలేదు. అరుపులూ లేవు. భుజం మీది తువ్వాలు తీసి గబగబా మెలిపెట్టి చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుని, వంగి కూర్చుంది. అప్పటికి పరుగెత్తుకొచ్చిన ఏఈగారూ, పగులు మళ్ళీ దాటి వచ్చిన నేనూ రాయి ఎత్తి పెట్టాం. ఎంత బరువో. మా శాఖ చెక్కించిన ఆ రాయిని నేను ముట్టుకోవడం అదే మొదటిసారి. కోడలు లేచి నిలబడి, ఇద్దరు పిల్లల్నీ ముందు నడవమని, పల్లె నడివీధిలోంచి గట్టు వైపు నడిచింది. పట్టపగలు, అందరూ చూస్తుండగా.

ఒండ్రు ఎత్తుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. ఎవరో ముసలాయన, "అమ్మవారు ఎళ్ళిపోతన్నారు" అన్నాడు మెల్లిగా. అంతే. ఏఈగారు పొద్దుటి నుంచీ గొంతు పోయేలా చెప్పినా కదలనివాళ్ళు ఒక్క మాట అడగకుండా కదిలారు. పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు, మేకని లాక్కొచ్చేవాళ్ళు, సగం ఉడికిన అన్నం గిన్నెతో వచ్చినవాళ్ళు. తలుపులు వేసుకున్నవాళ్ళు లేరు. మా ఏఈగారి చేతిలో ఎవరో కోళ్ళ గంప పెట్టేస్తే అదే మోసుకుంటూ, బూట్లు ఎక్కడో వదిలేసి, చివరాఖరున వచ్చాడు. నేను మామ్మగారిని పట్టుకున్నానో, ఆవిడే నన్ను పట్టుకుందో చెప్పలేను.

గట్టెక్కి కొంతసేపు ఏమీ జరగలేదు. అందరూ మా వైపు చూడటం మొదలుపెట్టారు. వెనక్కి వెళ్ళిపోతారేమో, వెళ్ళినప్పుడే జరుగుతుందేమో అని నాకు భయం పట్టుకుంది. అప్పుడు ఒడ్డునున్న కొబ్బరిచెట్లన్నీ ఒకేసారి ఏటి వైపు తలలు వంచాయి. గాలి లేదు. డాబా ఇల్లు పక్కకి ఒరగలేదు, మనిషి పీట మీద కూర్చున్నట్టు నిలువునా కిందికి దిగింది. కొత్తగా రంగేసిన గుమ్మం ఒక్క క్షణం నీళ్ళ మీద కనిపించింది. చప్పుడు ఆ తర్వాత వచ్చింది. దాని వెనక మరి కొన్ని ఇళ్ళు. మనిషన్నవాడు ఒక్కడూ లేడు వాటిలో.

నా మెళ్ళో కెమెరా ఉంది. ఒక్క ఫొటో తీయలేదు. తర్వాత ఆఫీసులో అదే అడిగారు, మేడంగారూ అంత దగ్గరుండి ఒక్కటైనా తీయలేదేమిటండీ అని.

కోడలు మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు. నెత్తిన రాయితో గట్టు మీద అలాగే నిలబడి ఉంది. పసుపు నీళ్ళు చెంపల మీంచి కారుతున్నాయి. అత్తగారిని అడగకుండా నన్నడిగింది, "ఎక్కడ దింపనండి?" అని.

ఎక్కడ దింపమని చెప్పను? ఏ చోటు చూపించినా ఆ పక్కనే ఇళ్ళు కట్టుకుంటారు. "ఇంకాస్త పోదామమ్మా" అన్నాను. కొంత దూరం పోయాక మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను. అలా పల్లెంతా వెనక నడుస్తుంటే గట్టు అవతల హైస్కూలు దాకా పోయి, వరండాలో దింపింది. దింపాక అప్పుడు ఏడ్చింది. మామ్మగారితో చాలా నెలలు మాట్లాడలేదు. నాకు ముందే చెప్పి ఉంటే ఇల్లు అక్కడ కట్టేవాళ్ళం కాదు కదండీ అని నా దగ్గర అంది.  మామ్మగారు పోయే ముందు నెలలో మాత్రం కోడలే అన్నం కలిపి పెట్టింది.

ప్రదర్శనలో ఆ మండపం ఫొటో పెట్టలేదు. పడవలో నుంచి తీసిన ఫొటో ఇస్తానంటే, సేమ్ టు సేమ్ బ్రహ్మాండంగా ఉంది గానీ నడి ఏట్లోంచి తీసిందని తెలిస్తే చూసేవాళ్ళు భయపడతారేమోనని పక్కన పెట్టారు. నేను రిటైరయ్యాను. పల్లెవాళ్ళకి గట్టు అవతల స్థలాలిచ్చారు. కోడలు అమ్మవారిని తెచ్చి ఏటిగట్టు మీద, వచ్చేపోయే అందరికీ కనిపించేలా నాటింది. బొట్టు కాస్త కిందికి పెట్టి బాణం గుర్తు కనపడనిచ్చింది. అమ్మవారు జరిగిన సంగతి, ఎన్నిసార్లు జరిగిందీ, పల్లెలో చిన్నపిల్లలకి కూడా చెబుతుంది. కొంతమంది పెద్దవాళ్ళు అందుకు ఆ పిల్లని ఇప్పటికీ తిడతారు.

ఏటా వరద తీయగానే ఆ రాయి పక్కన నిలబడి ఫోన్లో ఒక ఫొటో తీసి నాకు పంపిస్తుంది. గట్టుకీ ఏటికీ మధ్య మిగిలిన కొబ్బరిచెట్లు, అవతల చిన్నగా మండపం, దాని వెనక గోపురం. దాని కింద ఎప్పుడూ ఒకటే మాట, "జూమ్ చెయ్యలేదండి, ఉన్నదున్నట్టు తీసేను" అని. శ్రావణంలో నా ఫోన్ మోగితే ఇంట్లోవాళ్ళే తెచ్చిస్తారు, భయంతో నేను లేవలేనని తెలుసు.

ఈ ఏడు ఫొటో నిన్న వచ్చింది. నిరుటి ఫొటో పక్కన పెట్టి చూశాను. ఒక చెట్టు తక్కువుంది. మళ్ళీ చూశాను. ఫోన్ చేస్తే వెంటనే ఎత్తింది.

"చెట్టు..." అన్నాను. 

"ఆయ్, చూసేనండి. పొద్దున్నే అందరికీ చెప్పేను. ఏఈగారికీ చెప్పేను" అంది.  అవతల గోదావరి గాలి వినిపిస్తోంది.

"భయంగా ఉందమ్మా" అన్నాను.

"నాకూనండి" అంది. "చుట్టకుదురు గుమ్మానికే తగిలించి ఉంచేను."